లేని తేదీలు

విద్యార్థులారా, ఫిబ్రవరి 30వ తేదీ లేదని మీలో చిన్నవారికిని తెలియును. అయినను కంప్యూటరునకు ఆ తేదీ నిచ్చినచో నది యేమి చేయునో విచారింతము.

సీ యను కంప్యూటరు భాషలో తేదీలను లెక్కించుటకు ఎమ్‌కేటైమ్ అను ప్రమేయము గలదు. పరిమితిని మించిన దినసంఖ్యను అది తిరస్కరింపదు, సర్దును. 1957వ సంవత్సరమునకు పూర్వము మన పెద్దలు 20 అణాలను 1 రూపాయి 4 అణాలుగా వ్రాసికొనినట్లే, ఇదియు మిగిలిన దినములను తరువాతి నెలకు చేర్చును. కావున 2023 ఫిబ్రవరి 30 అనినచో మార్చి 2 యగును. 2024 లీపు సంవత్సరము గనుక ఆ యేటి ఫిబ్రవరి 30 మార్చి 1 యగును.

ఇది యుపయోగకరమైన గుణమే. జనవరి 25న తీసికొనిన పుస్తకమును 20 దినములకు తిరిగి యియ్యవలెననిన, జనవరి 45 అని యిచ్చిన చాలును. ఫిబ్రవరి 14 అని యుత్తరము వచ్చును.

అయితే బడి ప్రవేశ పట్టికలో నిదియే కీడగును. రామకుప్పమున నొక తండ్రి తన కుమార్తె జన్మదినము ఏప్రిల్ 30 అని చెప్పగా, వ్రాయువారు పొరపాటున 31 అని కొట్టిరనుకొందము. యంత్రము మారుమాటాడక మే 1 అని నిలుపును. చూచువారికి అది నిజమైన తేదీవలెనే కనబడును. ఆ తేదీయే పదవ తరగతి ధ్రువపత్రమునకును, పిమ్మట ఉద్యోగపు వయోపరిమితికిని ఆ బాలికను వెంబడించును.

దీనికి ఉపాయమేమన:

1. ఇచ్చిన దినమును, నెలను, సంవత్సరమును ముందుగా వేరొకచోట దాచవలెను. ఏలయన ఎమ్‌కేటైమ్ తనకిచ్చిన సంఖ్యలనే మార్చివేయును.

2. నెలను 0 మొదలు 11 వరకును, సంవత్సరమును 1900 తీసివేసియు నియ్యవలెను. ఏప్రిల్ 3 యగును. 2024వ సంవత్సరము 124 యగును.

3. వచ్చిన తేదీని దాచినదానితో పోల్చవలెను. భేదమున్నచో ఇచ్చిన తేదీ లేనిదే.

తప్పు తేదీకి ఈ ప్రమేయము -1 నిచ్చునని నమ్మరాదు. కాలము తన లెక్కలో నిముడనప్పుడే అట్లిచ్చును. పైథాన్ భాషలోని డేట్ మాత్రము లేని తేదీని అంగీకరింపక దోషమని నిలిపివేయును.

భేదము కనబడినప్పుడు మనము ఊహించి దిద్దరాదు, తలిదండ్రులనే అడుగవలెను. మరియు 30కి బదులు 29 అని వ్రాసినచో ఏ పరీక్షయు పట్టజాలదు. తేదీ యున్నదో లేదో యంత్రము చెప్పగలదు. బిడ్డ ఆ దినమున పుట్టినదో లేదో చెప్పజాలదు. కాబట్టి వ్రాసిన పిమ్మట తలిదండ్రులకు చదివి వినిపించుట మన విధి. కొంచెములో నమ్మకముగా నుండుటయు సత్యమునకు సేవయేయని మేము తలంచుచున్నాము.