"లెట్" అను ఇంగ్లీషు మాట

మన సంఘములలో ఇంగ్లీషు బైబిలును కూడ దగ్గర నుంచుకొని ప్రసంగము సిద్ధపరచుకొనువారు కొందరు కలరు. అట్టివారి కొరకును, సండేస్కూలు ఉపాధ్యాయుల కొరకును ఈ నెల "లెట్" అను చిన్న మాటను తీసికొనుచున్నాము.

1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిలులో నిర్గమకాండము 5వ అధ్యాయము తెరచి చూడుడి. మొదటి వచనములో, ప్రజలను పోనిమ్మని ఫరోకు వచ్చిన ఆజ్ఞ "లెట్" అను మాటతో మొదలగును. నాలుగవ వచనములో ఫరో, మోషే అహరోనులు ప్రజలను పని చేయనీయక ఆపుచున్నారని గద్దించును. అక్కడను "లెట్" అనియే యున్నది! ఒకచోట పోనిచ్చుట, మూడు వచనముల తరువాత అడ్డగించుట. హెబ్రీలో ఈ రెండు చోట్లను వేర్వేరు క్రియలున్నవి. మన తెలుగు బైబిలులోను అట్లే. చిక్కు ఇంగ్లీషుదే.

కారణమేమనగా, ఇవి నిజముగా రెండు మాటలు. ప్రాచీన ఇంగ్లీషులో "ల్యాటన్" అనగా విడిచిపెట్టుట, సెలవిచ్చుట. "లెట్టన్" అనగా ఆలస్యపరచుట, అడ్డగించుట. రైలు లేటు అని మనమందరము వాడు "లేటు" దీనికి దగ్గరి బంధువు. కాలక్రమమున రెండిటి ఉచ్చారణయు ఒకటైపోయెను. మొదటిది బ్రదికినది, పట్టణములలో అద్దె యిండ్లకు కట్టు "టు లెట్" బోర్డు దానిదే. రెండవది దాదాపు చచ్చినది. అయినను టెన్నిసులో మొదట వేసిన బంతి వలకు తగిలి అవతలి గడిలో పడినప్పుడు "లెట్" అందురు, మరల వేయవలెను. గల్ఫు దేశములకు పోవు మన పిల్లల పాస్‌పోర్టులోను, వీరిని ఆటంకము లేకుండ పోనీయుడని కోరు ఇంగ్లీషు వాక్యములో ఈ పాత మాట నేటికిని దాగియున్నది.

పౌలు పత్రికలలో ఈ పొరపాటు మిక్కిలి పెద్దదగును. రోమాకు రావలెనని పలుమారు ఉద్దేశించియు ఆటంకపరచబడితినని అతడు రోమీయులకు 1:13లో వ్రాసెను. అక్కడ కింగ్ జేమ్స్‌లో "లెట్". దానిని సెలవు దొరికెనని చదివినచో, రాలేకపోయిన సేవకుని వేదనయే మాయమగును. 2 థెస్సలొనీకయులకు 2:7 మరి అపాయకరము: ధర్మవిరోధ మర్మమును అడ్డగించువాడు కాస్త దానికి సెలవిచ్చువాడై కూర్చుండును! 1881లో వెలువడిన సవరించిన ఇంగ్లీషు క్రొత్త నిబంధన ఈ రెండు చోట్లను ఆ మాటను తీసివేసినది. మంచి పని చేసినదని మా అభిప్రాయము.

పౌలును ఆపినదేదో తెలియగోరువారు అదే పత్రికలో 15:18-22 చదువుడి. యెరూషలేము మొదలుకొని ఇల్లూరికు వరకు, క్రీస్తు నామము ఎరుగనివారి మధ్య చేసిన సువార్త పనియే అతనిని ఇంతకాలము నిలిపినది. అక్కడ మాత్రము కింగ్ జేమ్స్ వారు "లెట్" అనక, ఆటంకమునకు ఇంగ్లీషువారు నేడు వాడు మాటనే వ్రాసిరి.