కలరా విషం జాడ

కలరా సోకిందంటే ఒకప్పుడు ఊళ్ళు ఖాళీ అయ్యేవి. ఉదయం పొలానికి వెళ్ళిన మనిషి రాత్రికి ప్రాణాలతో ఉంటాడన్న నమ్మకం ఉండేది కాదు. వాంతులు, బియ్యం కడిగిన నీళ్ళలాంటి విరేచనాలు ఆగకుండా అయ్యేవి. కళ్ళు గుంటలు పడి, నాడి అందకుండా పోయేది. జబ్బు ముదిరితే గంటకు లీటరు దాకా నీరు శరీరం నుండి పోతుంది.

జర్మనీ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కోచ్ 1884లో కలకత్తాలో రోగులను పరిశీలించి, కామా గుర్తులా వంగి ఉండే సూక్ష్మజీవి దీనికి కారణమని తేల్చాడు. అది ఏదో విషాన్ని వదులుతూ ఉండాలని కూడా ఊహించాడు. కాని డెబ్బై అయిదేళ్ళ వరకు ఆ విషం చిక్కలేదు. పరిశోధకులు సూక్ష్మజీవులను జంతువుల రక్తంలోకి, చర్మం కిందికి ఎక్కించి చూస్తూ వచ్చారు. జబ్బు ప్రేగులో, వెదుకులాట మరొకచోట!

కలకత్తా వైద్యుడు శంభునాథ్ డే (1915-1985) ప్రేగులోనే వెదికాడు. కుందేలు చిన్న ప్రేగులో కొంత భాగాన్ని రెండు చివరలా దారంతో కట్టి, మధ్యలోకి కలరా సూక్ష్మజీవులున్న ద్రవాన్ని ఎక్కించాడు. మర్నాటికి ఆ భాగం నీటితో ఉబ్బింది. 1953లో సహచరుడు చటర్జీతో కలిసి ఈ సంగతి ప్రకటించాడు. తరువాతి ప్రయోగమే అసలైనది. సూక్ష్మజీవులు పెరిగిన ద్రవాన్ని, వాటిలో ఒక్కటీ మిగలకుండా వడపోసి, ఆ వడపోసిన ద్రవాన్ని మాత్రమే ఎక్కించాడు. అప్పుడూ ప్రేగు ఉబ్బింది! నీటిని లాగుతున్నది సూక్ష్మజీవి కాదు, అది వదిలిన విషమే. 1959లో 'నేచర్' పత్రికలో ఈ ఫలితం వెలువడింది.

ఆ విషం పనితీరు తరువాతి పరిశోధనలలో తెలిసింది. కలరా సూక్ష్మజీవి ప్రేగు గోడను తొలుచుకుపోదు. పైపొరను అంటుకొని విషం వదులుతుంది. విషపు అణువులో అయిదు భాగాలు కొక్కేల్లా కణాన్ని పట్టుకుంటాయి. ఆరో భాగం లోపలికి చేరుతుంది. కణాలకు లవణాలను బయటికి పంపే ద్వారాలుంటాయి. మామూలుగా అవి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. విషం చేరాక మూతపడవు. లవణాలు ప్రేగులోకి పోతూనే ఉంటాయి, వాటి వెంట నీరూ పోతుంది. ప్రేగుకు పుండు పడదు, చిల్లు పడదు. కట్టేయని కొళాయిలా కారుతూనే ఉంటుంది.

అయితే ఒక దారిని ఈ విషం చెడగొట్టలేదు. గ్లూకోజుతో కలిసి వచ్చిన ఉప్పును ప్రేగు అప్పుడు కూడా పీల్చుకోగలదు. నీరు దాని వెంటే లోపలికి వస్తుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బనగావ్ శరణార్థుల మధ్య కలరా చెలరేగింది. నరాలకు ఎక్కించే సెలైన్ చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ గ్లూకోజు, ఉప్పు, తినే సోడా కలిపిన నీటిని రోగుల బంధువుల చేతనే తాగించాడు. నూటికి ముప్పై వరకు ఉన్న మరణాలు నాలుగుకు లోపు దిగాయి.

పొట్లం దొరకనిచోట లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి, వైద్యుడు అందేలోగా రోగికి కొద్దికొద్దిగా తాగిస్తూ ఉంటారు.