ఇంజిన్ లోప సంకేతాలు: పాత కార్లలో నిర్ధారణ

నేపథ్యం
భారత్ స్టేజ్-4 ఉద్గార ప్రమాణాలు 2010 ఏప్రిల్ 1న హైదరాబాద్ సహా 13 నగరాల్లో, 2017 ఏప్రిల్ 1న దేశమంతటా అమల్లోకి వచ్చాయి. ఈ ప్రమాణాలను అందుకోని మారుతి 800 అమ్మకాలు 2010లోనే ఆ నగరాల్లో నిలిచిపోయాయి. లోపాలను గుర్తించే ఓబీడీ (ఆన్-బోర్డ్ డయాగ్నస్టిక్స్) వ్యవస్థలో ఓబీడీ-1 స్టేజ్-4 కార్లకు 2010 నుంచి, ఓబీడీ-2 2013 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి అయ్యాయి. అమెరికాలో ఓబీడీ-2 1996 నుంచే తప్పనిసరి. హైదరాబాద్‌లోని ఏఎస్ రావు నగర్, నాచారం, ఉప్పల్ పరిసరాల షెడ్లకు నేడు వచ్చే పాత కార్లలో ఈ తొలి తరం ఓబీడీ వాహనాలూ ఉన్నాయి. 2010లో నమోదైనవి 2025 నాటికి 15 ఏళ్లు పూర్తిచేసుకున్నాయి.

నిర్వచనం
వాహనంలోని సెన్సర్ల సమాచారాన్ని నిరంతరం పరిశీలించి, ఉద్గారాలను ప్రభావితం చేసే లోపాలను నమోదు చేసే వ్యవస్థ ఓబీడీ. ఇంజిన్ నియంత్రణ యూనిట్ (ఈసీయూ) లోపాన్ని ఐదు అక్షరాంకాల సంకేతంగా భద్రపరచి, చెక్ ఇంజిన్ లైటును వెలిగిస్తుంది. స్టీరింగ్ కింది భాగంలో ఉండే 16 పిన్నుల సాకెట్‌కు స్కానర్‌ను కలిపి ఈ సంకేతాన్ని చదువుతారు. సాకెట్‌లో 16వ పిన్ను బ్యాటరీ ధన ధ్రువం, 4వది ఛాసిస్ ఎర్త్.

సంకేత నిర్మాణం
1. మొదటి అక్షరం: పీ – ఇంజిన్, గేర్‌బాక్స్, బీ – బాడీ, సీ – ఛాసిస్, యూ – నెట్‌వర్క్.
2. రెండవ అంకె: 0 అయితే అన్ని కంపెనీలకు ఉమ్మడి, 1 అయితే తయారీదారు ప్రత్యేకం.
3. మూడవ అంకె (పీ సంకేతాల్లో): 1, 2 – ఇంధనం, గాలి, 3 – జ్వలనం, 4 – ఉద్గార నియంత్రణ, 5 – వేగం, ఐడిల్, 6 – ఈసీయూ, 7 – గేర్‌బాక్స్.
4. చివరి రెండు అంకెలు: నిర్దిష్ట లోపం.

ముఖ్య సంకేతాలు
పీ0171: మిశ్రమంలో ఇంధనం తక్కువ. పెట్రోలుకు గాలి-ఇంధన ఆదర్శ నిష్పత్తి 14.7:1.
పీ0300: ఏ సిలిండరో తేలని మిస్‌ఫైర్, పీ0301: మొదటి సిలిండర్ మిస్‌ఫైర్.
పీ0335: క్రాంక్‌షాఫ్ట్ సెన్సర్ వలయ లోపం.
పీ0420: క్యాటలిటిక్ కన్వర్టర్ సామర్థ్యం తగ్గుదల.

స్థితుల వర్గీకరణ
తొలిసారి కనిపించిన లోపం సాధారణంగా ‘పెండింగ్’గా నమోదవుతుంది. అది తర్వాతి ప్రయాణంలోనూ పునరావృతమైతే స్థిర సంకేతమై లైటు వెలుగుతుంది. కన్వర్టర్‌ను దెబ్బతీసేంత తీవ్ర మిస్‌ఫైర్ ఉంటే లైటు మిణుకుమంటుంది. అప్పుడు బండిని వేగంగా నడపరాదు. లోపం తొలగాక వరుసగా మూడు ప్రయాణాల్లో అది కనిపించకపోతే లైటు ఆరుతుంది. సంకేతం 40 వార్మప్ చక్రాల తర్వాత చెరిగిపోతుంది.

నిర్ధారణ క్రమం
1. బ్యాటరీ వోల్టేజీ: ఇంజిన్ ఆపి ఉండగా సుమారు 12.6, నడుస్తుండగా 13.5–14.5 వోల్టులు. వోల్టేజీ తగ్గితే నిజం కాని సంకేతాలు వస్తాయి.
2. అన్ని సంకేతాలతోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్‌ను రాసుకోవాలి. లోపం తలెత్తిన క్షణంలోని వేగం, ఉష్ణోగ్రత, భారం అందులో ఉంటాయి. వీటిని నమోదు చేయకముందే చెరపడం తీవ్రమైన పొరపాటు.
3. వైరింగ్, కప్లర్లు, వ్యాక్యూమ్ గొట్టాలు. పాత కార్లలో రబ్బరు పగుళ్లు, తుప్పు సాధారణం.
4. భాగ పరీక్ష. ఉదా: పీ0301 వస్తే ఒకటో సిలిండర్ కాయిల్‌ను రెండో సిలిండర్‌కు మార్చాలి. సంకేతం పీ0302గా మారితే లోపం కాయిల్‌లోనే. మారకపోతే ప్లగ్, ఇంజెక్టర్, కంప్రెషన్ చూడాలి.
5. మరమ్మతు, సంకేతం చెరపడం, నడిపి మళ్లీ చదవడం.

పీ0301, పీ0420 కలిసి వస్తే ముందుగా మిస్‌ఫైర్‌ను సరిచేయాలి. మండని ఇంధనమే కన్వర్టర్‌ను పాడుచేస్తుంది కనుక కన్వర్టర్‌ను ముందే మార్చడం వృథా.

చట్టపరమైన ప్రాధాన్యం
మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 41 ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. తర్వాత ఐదేళ్లకోసారి పునరుద్ధరణ. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 115వ నిబంధన కాలుష్య పరీక్షకు ఆధారం. స్టేజ్-4 పెట్రోలు కారుకు ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ పరిమితి 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం. ఇంధన మిశ్రమం, జ్వలనం, కన్వర్టర్ లోపాలు ఈ రెండింటినీ పెంచుతాయి.

స్మరణీయాంశం
సంకేతం లోపమున్న వలయాన్ని సూచిస్తుంది, మార్చవలసిన భాగాన్ని కాదు. ఆ తేడా తెలియనప్పుడు యజమాని మంచి భాగానికి డబ్బు చెల్లిస్తాడు, లోపం మాత్రం బండిలోనే ఉండిపోతుంది. భాగాన్ని మార్చే ముందు పరీక్ష తప్పనిసరి.