తెరచాప నౌకలో శీతల యంత్రం

1833లో అమెరికాలోని బోస్టన్ రేవు నుండి ‘టస్కనీ’ అనే తెరచాప నౌక 180 టన్నుల మంచుతో కలకత్తాకు బయలుదేరింది. వేడి సోకకుండా ఎంత జాగ్రత్తపడినా, నాలుగు నెలల ప్రయాణంలో కరిగిపోగా మిగిలినది సుమారు 100 టన్నులు. ఈ మంచు వ్యాపారం కోసమే 1842లో మద్రాసు తీరాన కట్టిన ఐస్‌హౌస్ నేడు వివేకానంద హౌస్‌గా నిలిచి ఉంది.

కరిగే మంచును మోయుటకన్న చలిని నౌకలోనే పుట్టించడం మేలు కదా! న్యూజిలాండ్‌లో గొర్రెలు అపారం. మాంసం కొనేవారు లేక కొవ్వు కోసం మరిగించేవారు. ఆ మాంసాన్ని లండన్‌కు పంపదలచిన విలియం డేవిడ్‌సన్ ‘డునెడిన్’ అనే తెరచాప నౌకలో బెల్-కోల్‌మన్ యంత్రాన్ని అమర్పించాడు. అది గాలిని అదిమి, అప్పుడు పుట్టిన వేడిని చన్నీటితో తొలగించి, మరల వ్యాకోచింపజేస్తుంది. వ్యాకోచించిన గాలి అతిశీతలమవుతుంది. విషవాయువుల భయం లేకపోవడం దీని సుగుణం. అయితే గాలివాటున సాగే నౌక యంత్రం కోసం బొగ్గు మోయవలసి వచ్చింది.

1881 డిసెంబరులో సరుకు ఎక్కిస్తుండగానే యంత్రపు ఇరుసు విరిగింది. ఎక్కించిన మాంసాన్ని దింపి అక్కడే అమ్ముకున్నారు. 1882 ఫిబ్రవరి 15న నౌక కదిలింది. పొగగొట్టపు నిప్పురవ్వలు తెరచాపలకు అంటుకునేవి. ఉష్ణమండలంలో చల్లగాలి సరుకంతటికీ అందలేదు. కెప్టెన్ విట్సన్ గాలిగొట్టంలోకి పాకి కొత్త రంధ్రాలు చేశాడు. చలికి కొయ్యబారిన అతనిని సహచరుడు కాళ్ళకు తాడు కట్టి బయటికి లాగాడు. 98 రోజులకు నౌక లండన్ చేరింది. దాదాపు 5,000 కళేబరాలలో చెడినది ఒక్కటే.

పుప్పాలగూడ భవనాలలోని ఫ్రిజ్‌కు విద్యుత్తు గోడలోనే దొరుకుతుంది. నేటి చిన్న తెరచాప పడవకు బ్యాటరీయే దిక్కు. అందుచేత పడవవారు యంత్రం కన్న ముందుగా పెట్టె చుట్టూ దళసరి నురుగు పలకలు అమర్చుకొంటారు.