చిక్కిపోవుట వేరు, బరువు తగ్గుట వేరు

శరీరపు బరువును గూర్చి మన భాషలో ఉన్న మాటలు విచిత్రమైనవి. "ఒళ్ళు చేశావు" అనడం మెచ్చుకోలు. "చిక్కిపోయావు" అనడం సానుభూతి. గౌడవెల్లి, మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల పల్లెలలో ఏ శుభకార్యానికి వెళ్ళినా ఈ రెండింటిలో ఏదో ఒక మాట వినకుండా ఇల్లు చేరడం అరుదు. ఉర్దూ మాట్లాడే ఇండ్లలోనూ ఇదే తీరు. "కమ్‌జోర్ హోగయే" అని పెద్దమ్మ అన్న మరుక్షణమే కంచంలో మరొక గరిటెడు బిర్యానీ పడుతుంది. కరువులను చూసిన పల్లెకు నిండైన దేహం భాగ్యచిహ్నం. ఆ మాటలు పుట్టిననాడు వాటిలో తప్పేమీ లేదు.

అయితే ఇంట్లో మధుమేహం ప్రవేశించిన తరువాత ఈ మాటలే చిక్కు తెచ్చిపెడుతున్నాయి. వైద్యుడు బరువు తగ్గమంటాడు. తగ్గడం మొదలుపెట్టగానే బంధువులు చిక్కిపోతున్నావని బెంగపడతారు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మంది మధుమేహులు ఉన్నారనీ, మరి 13 కోట్ల 60 లక్షల మంది ఆ వ్యాధి ముంగిట నిలిచి ఉన్నారనీ అంచనా వేసింది. ఇక ఇది ఏదో ఒక ఇంటి సమస్య కాదు. మా విద్యార్థులలో అనేకులు తల్లికో తండ్రికో మందుబిళ్ళలు తెచ్చి ఇచ్చేవారే. కనుక ఈ రెండు మాటల నడుమ గల భేదాన్ని వారి ముందుంచదలచాము.

ఈ భేదాన్ని మన ప్రాచీనులు ఎరుగుదురు. సుశ్రుత సంహిత ప్రమేహాన్ని పుట్టుకతో వచ్చినది, అపథ్యం వలన వచ్చినది అని విభజించింది. మొదటి తెగవారు కృశించి ఉంటారనీ, రెండవ తెగవారు స్థూలకాయులై, తిండి మెండుగా తిని, శయ్యను వదలనివారనీ వర్ణించింది. మొదటివారికి పోషణను, రెండవవారికి లంఘనాన్ని విధించింది. అందరికీ ఒకే పథ్యం చెప్పకపోవడమే ఇక్కడ గమనించదగిన విశేషం.

నేటి శాస్త్రం దీనికి కారణం చెబుతుంది. క్లోమం నుండి వెలువడే ఇన్సులిన్ రక్తంలోని గ్లూకోజును కండరాలకు చేర్చుతుంది. ఆ పని కుంటుపడినపుడు రక్తంలో చక్కెర పెరుగుతుంది. ఒక హద్దు దాటిన పిదప మూత్రపిండాలు దానిని నిలుపలేక బయటికి వదలివేస్తాయి. ఒక గ్రాము గ్లూకోజులో దాదాపు 4 కిలోకాలరీల శక్తి ఉన్నది. రోజుకు 50 గ్రాములు పోయినదనుకుంటే 200 కిలోకాలరీలు, అనగా ఇంచుమించు రెండు పుల్కాల సత్తువ, వృథాగా పోయినట్లే. శరీరం ఆ లోటును కొవ్వుతోను, కండతోను పూడ్చుకుంటుంది. ప్రయత్నం లేకుండా బరువు తగ్గుతూ, దాహం అధికమై, రాత్రివేళ పలుమార్లు మూత్రానికి లేవవలసి వస్తుంటే అది చిక్కిపోవడమే. దానిని చూసి సంతోషించరాదు. వెంటనే రక్తపరీక్ష చేయించుకోవలెను.

ఇక్కడొక చిత్రం జరుగుతుంది. మందు మొదలుపెట్టగానే చక్కెర మూత్రంలో పోవడం ఆగిపోతుంది. తిన్నది ఒంటబట్టి రెండు మూడు కిలోల బరువు తిరిగి వస్తుంది. ఇన్సులిన్, సల్ఫోనైల్‌యూరియా వర్గపు మాత్రలు కొంత బరువును పెంచే మాట కూడా నిజమే. మెట్‌ఫార్మిన్‌కు ఆ దోషం లేదు. "మందు వల్ల లావెక్కుతున్నాను" అనుకొని కొందరు ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానివేస్తారు. బరువు తగ్గుతుంది, లోపల కండ్లు, మూత్రపిండాలు, కాళ్ళలోని నరాలు చెడుతూ ఉంటాయి. మానడానికి బదులు మందు మార్చగలరేమో వైద్యుని అడగడం మేలు. ఆసుపత్రి వరుసలో నిలిచి అడగడానికి మన రైతుకూలీకి ఉండే సంకోచం మాకు తెలియనిది కాదు. అందుకే చదువుకున్న బిడ్డ తోడు వెళ్ళాలంటున్నాము.

దీనికి ఎదురు తప్పు మరొకటి: పాత మోతాదు మాత్రలే మింగుతూ ఒక్కసారిగా తిండి మానడం. రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాములకు దిగువకు జారితే చెమట, వణుకు, గుండెదడ, తికమక కలుగుతాయి. వెంటనే మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి త్రాగించాలి. స్పృహ తప్పినవారి నోట ఏమీ పోయరాదు, ఆసుపత్రికి చేర్చాలి. తిండి తగ్గించే ముందే మోతాదు సవరించుకున్నవారికి ఈ ఆపద చాలవరకు తప్పుతుంది.

ఇక తగ్గవలసిన బరువు ఎక్కడున్నది? 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇద్దరు వైద్యుల ఛాయాచిత్రం ప్రచురితమైంది. ఒకరు పూణేకు చెందిన యాజ్ఞిక్, రెండవవారు లండనుకు చెందిన యడ్కిన్. ఎత్తుకు తగిన బరువు లెక్కలో ఇద్దరిదీ 22.3 మాత్రమే. కాని శరీరంలోని కొవ్వు యడ్కిన్‌లో 9.1 శాతం ఉండగా యాజ్ఞిక్‌లో 21.2 శాతం ఉన్నది! సన్నని చేతులు, ముందుకు వచ్చిన పొట్ట గల మన మనిషి త్రాసు మీద నిలిచి "నాకేమి లావు?" అంటే త్రాసు అతనికే సాక్ష్యం చెబుతుంది. కొలిచే టేపు చెప్పదు. మనవారిలో పురుషులకు నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదని వైద్యుల నిర్ణయం.

ఆ పొట్ట తగ్గితే ఫలితం గొప్పది. స్కాట్లాండు, ఇంగ్లాండులలో మైకేల్ లీన్, రాయ్ టేలర్ 306 మందితో జరిపిన పరిశోధన 2017లో వెలువడింది. కొన్ని నెలలు రోజుకు 850 కిలోకాలరీల లోపు ఆహారం తీసుకున్న వర్గంలో, ఏడాది గడిచేసరికి 46 శాతం మందికి మందులు లేకుండానే చక్కెర అదుపులోకి వచ్చింది. 15 కిలోలు, అంతకు మించి తగ్గినవారిలో ఇది 86 శాతం. కాలేయంలోను, క్లోమంలోను పేరుకున్న కొవ్వు కరగడమే ఇందుకు కారణమని టేలర్ వాదం. అయితే వారందరూ వ్యాధి సోకి ఆరేళ్ళు దాటనివారు, ఇన్సులిన్ వాడనివారు; వైద్యుల కనుసన్నలలో ఉన్నవారు. ఇంటిలో కూర్చొని దీనిని అనుకరించడం సాహసం.

అంత బరువు తగ్గలేనివారు నిరాశ పడనక్కరలేదు. చెన్నైలో రామచంద్రన్ బృందం వ్యాధి ముంగిట ఉన్న 531 మందిపై జరిపిన అధ్యయనం 2006లో వెలువడింది. ఆహార నియమం, నడక పాటించినవారిలో మధుమేహం రావడం 28.5 శాతం తగ్గింది. వారి బరువు మాత్రం చెప్పుకోదగినంత తగ్గలేదు! త్రాసు కదలకపోయినా నడక మానవద్దని మేము విద్యార్థులకు పదే పదే చెప్పడానికి ఆధారమిదే.

మన కంచం సంగతి చూద్దాం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం రోజుటి శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటరాదు. మన ఇండ్లలో అన్నం కొండలా, పప్పు వాగులా, కూర గట్టు మీది గడ్డిలా ఉంటుంది. ఈ క్రమాన్ని తలక్రిందులు చేస్తే చాలు. జొన్నరొట్టె మంచిదే, మంచిదని నాలుగు తింటే మంచి మిగలదు.

చివరగా రంజాన్ విషయం. రోగికి ఉపవాసం నుండి మినహాయింపు ఖుర్‌ఆన్‌లోనే, అల్ బఖరా అధ్యాయంలో ఉన్నది. అయినా ఎందరో వెనుకాడరు. 2001లో 13 దేశాలలో జరిగిన ఒక సర్వే ప్రకారం, సాధారణ మధుమేహులలో తీవ్రంగా చక్కెర పడిపోవడం ఆ నెలలో ఏడున్నర రెట్లు పెరిగింది. ఉపవాసం ఉండదలచినవారు నెలకు ముందే వైద్యుని కలిసి మోతాదు, వేళలు మార్పించుకోవాలి. వేలికొస నుండి రక్తం తీసి పరీక్షించుకుంటే ఉపవాసం భంగం కాదని పండితుల అభిప్రాయం. 70 కంటే తగ్గినా, 300 దాటినా అప్పుడే విరమించాలి. నెలంతా ఉపవాసమున్నా కొందరు బరువు పెరిగే వింత కూడా మనకు తెలుసు. దాని రహస్యం పగటిలో లేదు. ఇఫ్తారు దస్తర్‌ఖాను మీద, హలీము గిన్నెలో, షర్బతు గ్లాసులో ఉన్నది. ఖర్జూరం ఒకటితో ఉపవాసం విరమించి, నమాజు ముగించి, ఆ పిదప ఒకే పూట భోజనంగా తినేవారి ఇండ్లలో ఈ వింత కనబడదు.