దూరం పెరిగింది, ప్రయాణం తగ్గింది

ఢిల్లీలో తెల్లవారుజామున 4 గంటలకు బయలుదేరిన విమానం అదే రోజు ఉదయం 6 గంటలకు శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగిందనుకుందాం. గడియారాలను నమ్మితే ప్రయాణం రెండు గంటలే! విమానంలో కూర్చున్నవారికి మాత్రం పద్నాలుగున్నర గంటలు గడిచాయి. వేసవి నెలల్లో కాలిఫోర్నియా గడియారం మనకంటే పన్నెండున్నర గంటలు వెనక ఉండటమే ఇందుకు కారణం. ఈ చిక్కు తేలిగ్గానే విడిపోయింది. దూరానికీ కాలానికీ ఉన్న లెక్క అంత తేలిక కాదు.

2016 అక్టోబరులో ఎయిరిండియా ఈ విమానం దారి మార్చింది. అంతకుముందు అది అట్లాంటిక్ మీదుగా పడమరకు సుమారు 13,900 కి.మీ. ప్రయాణించేది. పసిఫిక్ మీదుగా తూర్పుకు మళ్లించాక దూరం 15,300 కి.మీ. అయింది. దారి 1,400 కి.మీ. పెరిగినా ప్రయాణ సమయం తగ్గింది.

నిజానికి ఈ రెండూ దగ్గరి దారులు కావు. గ్లోబు మీద ఈ రెండు నగరాలకూ ఒక దారం బిగించి పట్టుకుంటే అది టిబెట్, సైబీరియా మీదుగా ఆర్కిటిక్‌ను తాకుతూ వెళ్తుంది. ఆ దూరం దాదాపు 12,400 కి.మీ. అయితే టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే 4,500 మీటర్లు. క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతే విమానం వెంటనే 3,000 మీటర్ల ఎత్తుకు దిగాలి. అక్కడ దిగడానికి చోటేది?

ఇక గాలి సంగతి. భూమధ్యరేఖ ప్రాంతానికీ ధ్రువాలకూ మధ్య ఉష్ణోగ్రతల్లో తేడా ఉంటుంది. దానికి భూభ్రమణం తోడవడంతో 9 నుంచి 12 కి.మీ. ఎత్తున బలమైన గాలులు పడమర నుంచి తూర్పుకు నదిలా పారుతుంటాయి. వీటినే జెట్ స్ట్రీమ్ అంటారు. విమానాలు ఎగిరేది కూడా దాదాపు ఆ ఎత్తులోనే. జపాన్ మీద ఈ గాలి ఉద్ధృతిని 1920లలోనే వాసాబురో ఓయిషి బెలూన్లతో కొలిచారు. ప్రపంచమంతా చదవాలని ఫలితాలను ఎస్పరాంటో భాషలో ప్రచురించారు. దాంతో చదివినవారే తక్కువయ్యారు!

విమానం సొంత వేగం గంటకు 900 కి.మీ. అనుకుందాం. 15,300 కి.మీ.ను 14.5 గంటల్లో దాటాలంటే నేల మీద లెక్కించే సగటు వేగం 1,055 కి.మీ. ఉండాలి. అంటే దాదాపు 155 కి.మీ. గాలి ఇచ్చినదే. అదే పడమర దారిలో ఎదురుగాలి సగటున 25 కి.మీ. మాత్రమే అనుకున్నా వేగం 875కి పడిపోతుంది. 13,900 కి.మీ.కు దాదాపు 16 గంటలు పడుతుంది.

పిల్లల దగ్గరకు వెళ్లే తెలుగు తల్లిదండ్రులకు గంటన్నర కలిసిరావడం మంచిదే. విమానయాన సంస్థ లెక్క మాత్రం ఇంధనంతో ముడిపడింది. నేల మీద ఎన్ని కిలోమీటర్లు దాటామన్నదానికంటే ఇంజిన్లు ఎన్ని గంటలు తిరిగాయన్నదే ఇంధన ఖర్చును తేలుస్తుంది. పైగా అదనపు ఇంధనాన్ని మోయడానికి కూడా ఇంధనమే కావాలి. ఇంత దూరపు ప్రయాణాల్లో ఆ బరువు కోసం ఒక్కోసారి సరుకునో, సీట్లనో వదులుకోవాల్సి వస్తుంది.

గాలి స్థిరంగా ఉండదు. శీతకాలంలో బలపడుతుంది, రోజురోజుకూ పక్కకు జరుగుతుంది. అందుకే ప్రతి విమానానికీ ఆ రోజు వాతావరణ అంచనాను చూసి దారి గీస్తారు. తిరుగు ప్రయాణం అట్లాంటిక్ మీదుగా సాగితే అదీ తూర్పు దిశే కాబట్టి గాలి మళ్లీ తోడొస్తుంది. ఆ విమానం ఢిల్లీలో దిగేసరికి భూగోళాన్ని ఒక చుట్టు చుట్టి వచ్చినట్టే.