మరల తలయెత్తిన ప్రోస్టేటు కేన్సరు: పథ్యము ఎంతవరకు?

అంబత్తూరు పారిశ్రామికవాడలోను, ఆ చుట్టుపట్ల బజారులలోను వ్యాపారము చేసికొనుచున్న మన కుటుంబములలో అరువది దాటిన పెద్దలకు ప్రోస్టేటు గ్రంథి పేరు క్రొత్త కాదు. మూత్రాశయము క్రింద మూత్రనాళమును చుట్టుకొని యుండు చిన్న గ్రంథి ఇది. దీనికి కేన్సరు వచ్చి, శస్త్రచికిత్సయో కిరణ చికిత్సయో జరిగి, కొన్నియేండ్లు నెమ్మదిగా గడచిన పిమ్మట రక్తపరీక్షలో పి.ఎస్.ఏ. అను అంకె మరల పెరుగుట కలదు. రోగికి నొప్పి లేదు, ఆకలి బాగుగనే యున్నది, దుకాణమునకు పోవుచునే యున్నాడు. అట్టి వేళ ఇంటికి వచ్చినవారిలో దానిమ్మరసము త్రాగుమనువారు కొందరు, పసుపు మాత్రలు మ్రింగుమనువారు కొందరు. ఆ మాటలలో నిజమెంతయో విచారింతము.

మొదట అంకె సంగతి. గ్రంథిని పూర్తిగా తీసివేసినవారికి పి.ఎస్.ఏ. దాదాపు సున్న కావలెను. మిల్లీలీటరు రక్తమునకు 0.2 నానోగ్రాములు చేరి, రెండవ పరీక్షలోను అట్లే యున్నచో వ్యాధి మరల వచ్చినట్లు లెక్క. కిరణ చికిత్స పొందినవారికి అది దిగిన కనిష్ఠపు అంకెపై 2 పెరిగినప్పుడు అట్లు భావింతురు. నిదానముగా పెరుగువారిని కొంతకాలము కనిపెట్టి చూచుట కూడ కలదు. అది డాక్టరు నిర్ణయము. కాని శస్త్రచికిత్స అయినవారికి ఇప్పుడిచ్చు కిరణ చికిత్స, అంకె 0.5 దాటకముందే ఇచ్చినచో ఎక్కువగా ఫలించును. అందుచేత "ఆరు నెలలు రసము త్రాగి చూతము" అన్నప్పుడు రసపు వెలతోపాటు ఆ ఆరు నెలలను కూడ ఖర్చు పద్దులో వ్రాసికొనవలెను. చెన్నపట్నములో చికిత్సకు కొదువ లేదు; డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి గారి కృషితో 1954లో ఆరంభమైన అడయారు కేన్సరు ఇన్‌స్టిట్యూటు మనకు ఊరి ఆవలి కొననే యున్నది.

ఆకు మేలు చేయును గనుక దాని సారమును మాత్రగా మ్రింగిన మరింత మేలు అని మనకు సహజముగా తోచును. ఈ తర్కమునకు సమాధానము ఒక తెలుగువాని చరిత్రలో నున్నది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మద్రాసు వైద్య కళాశాలలో చదివి, ఇక్కడి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రము బోధించి, 1923లో అమెరికా చేరిరి. అక్కడ లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును తయారు చేసినది. ఆకుకూరలలో నుండు పోషకమది. ఆకు అను అర్థముగల లాటిను మాటనుండియే దానికి ఆ పేరు వచ్చినది. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు ఆ జాతి పదార్థమును రక్తకేన్సరు గల పిల్లలకిచ్చి చూడగా, వ్యాధి తగ్గుటకు మారు వేగము హెచ్చినట్లు కనబడెను. అంతట దానికి విరుద్ధముగా పనిచేయు అమినోప్టెరిన్ అను మందును సుబ్బారావు గారి బృందము సమకూర్చగా, కొందరు పిల్లలకు తాత్కాలికముగా నెమ్మదించినదని ఫార్బర్ 1948లో ప్రకటించెను. ఆ యేడే సుబ్బారావు గారు కన్నుమూసిరి.

అరువదేండ్ల తరువాత ఈ ఫోలిక్ ఆమ్లమే ప్రోస్టేటు విషయమున మరల సాక్ష్యమునకు వచ్చినది. పెద్దప్రేగు కణుతులకై 643 మంది పురుషులపై జరిపిన పరీక్ష ఫలితము 2009లో వెలువడెను. రోజుకు 1 మిల్లీగ్రాము మాత్ర తీసికొన్నవారిలో పదేండ్లకు ప్రోస్టేటు కేన్సరు అంచనా నూటికి 9.7, మందులేని ఉత్తమాత్ర తీసికొన్నవారిలో 3.3. ఆహారములోని ఫోలేటుకు అట్టి కీడు కనబడలేదు. కాన తోటకూర, పాలకూర మానవలసిన పనిలేదు. విటమిన్ 'ఇ' మాత్రల కథయు ఇట్టిదే. 35 వేలకు పైబడిన ఆరోగ్యవంతులపై జరిగిన పరీక్షలో ఆ మాత్రలవారికి ఈ కేన్సరు నూటికి 17 వంతులు హెచ్చినదని 2011లో తేలినది.

ఇక దానిమ్మ. చికిత్స తరువాత పి.ఎస్.ఏ. పెరుగుచున్నవారు రోజూ రసము త్రాగగా, ఆ అంకె రెట్టింపగుటకు పట్టు కాలము 15 నెలలనుండి 54 నెలలకు పెరిగినదని 2006లో ప్రకటించిరి. వార్త లోకమంతయు ప్రాకినది. అయితే అందులో రసము త్రాగనివారిని ప్రక్కన నిలిపి పోల్చలేదు. 183 మందితో ఆ పోలిక చేసిన పరీక్ష 2015లో వచ్చినది. అందు దానిమ్మ లేనివారికి కూడ ఆ కాలము పెరిగినది, చెప్పుకోదగిన తేడా లేదు! దానిమ్మ, గ్రీన్ టీ, పసుపు, బ్రోకలీ కలిపిన మాత్రపై 2014లో ఇంగ్లండునుండి వచ్చిన ఫలితము మాత్రము ఆశాజనకము: ఆరు నెలలలో పి.ఎస్.ఏ. పెరుగుదల ఉత్తమాత్రవారికి నూటికి 78.5 కాగా, వీరికి 14.7. అది అంకె సంగతియే. ఆయువు పెరిగినదని గాని, వ్యాధి ప్రాకుట ఆగినదని గాని ఆ పరీక్ష చూపలేదు. శస్త్రచికిత్స అయిన 177 మందికి సోయా ఇచ్చిన పరీక్షలో (2013) వ్యాధి తిరిగివచ్చుట తగ్గలేదు.

సరకు కల్తీ ఎట్లుండునో వర్తకులకు వేరుగా చెప్పనక్కరలేదు. పి.సి.స్పెస్ అను ఎనిమిది మూలికల మందు అమెరికాలో ఈ రోగులకు బాగుగా అమ్ముడుపోయినది; అంకెయు దిగినది. పరీక్షింపగా అందు స్త్రీ హార్మోను, రక్తము పలుచన చేయు వార్ఫరిన్ బయటపడెను. 2002లో బజారునుండి తొలగించిరి.

మన ఇండ్లలో మరికొన్ని ప్రశ్నలు గలవు. అనేక గొట్టపు మాత్రల పైతొడుగు జెలటిన్. అది జంతువుల ఎముకలు, చర్మములనుండి తీసినది. చీటీ చదివి శాకజన్యమైన తొడుగు గలదానినే అడుగవలెను. బ్రోకలీ, కోసు పురుగుల భయమున మానువారికి నష్టమేమియు లేదు. వంటలోని ఎండుపసుపు సరే. మిరియపు సారము చేర్చిన పసుపు మాత్రలు, గ్రీన్ టీ సారము కొందరి కాలేయమును చెరచినవి.

పథ్యమువలన లాభము లేదని కాదు. హార్మోను చికిత్సలో బరువు, చక్కెర పెరుగును, ఎముకలు పలుచనగును, గుండెకు భారము. పప్పు, కూరలు, పండ్లు, నడక ఇక్కడ అక్కరకు వచ్చును. నేతిమిఠాయిలు, వేపుళ్లు కూడ శాకాహారమే యని మరువరాదు! బి12, విటమిన్ డి పరీక్ష చేయించి, లోపమున్న డాక్టరు చెప్పినంత తీసికొనవలెను.

పర్యూషణములో ఉపవసించువారు ముందుగనే డాక్టరునడుగవలెను. అబిరాటిరోన్ పరగడుపున వేసికొనవలసినది. అన్నముతో కలిసిన అనేక రెట్లు రక్తమున చేరును. దానితో ఇచ్చు ప్రెడ్నిసొలోన్‌ను హఠాత్తుగా మానుట ప్రమాదము. సూర్యాస్తమయము తరువాత నీరైన ముట్టనివారు వేళలను పగటికి అమర్చుకొనవచ్చును. ఇంట వాడుచున్న పొడులు, రసములు, మాత్రలు ఎన్నడు మొదలుపెట్టినదియు తేదీతో ఒక చీటీపై వ్రాసి, సీసాలతో సహా పి.ఎస్.ఏ. కాగితములవెంట తీసికొనిపోయి డాక్టరునకు చూపవలెను.